రాజు మోకాళ్లు

ఇరవై ఏడేళ్ల కింద ఉప్పుగూడ ఇంటికి కోడలిగా వచ్చిననాడు ఆండాలు చేతిలో ఉన్న సరుకు ఇంతే. విప్పిన బట్టను చూసి తొడిగిన మనిషి ఎంత పొడుగో, ఏ పక్కకు వంగి నడుస్తాడో చెప్పగల కన్ను. ఒక్కసారి విన్న పాటను పొల్లుపోకుండా పట్టుకునే చెవి. రెండూ ఆ ఇంటికి బాగా పనికొచ్చాయి. అది నాటకాల బట్టలు అద్దెకిచ్చే ఇల్లు. మామ గుండయ్య ముందు గదిలో దుకాణం పెట్టి, కిరీటాలు, గదలు, మఖ్మల్ కోట్లు గోడల నిండా వేలాడదీసి, అడిగిన నాటక కంపెనీకల్లా పంపేవాడు. పోయేటప్పుడు బట్ట తళతళలాడుతూ పోతుంది. వచ్చేటప్పుడు చెమట, ముఖాన పూసుకున్న రంగు, బీడీ వాసన, ఎక్కడో ఒక చిరుగు మోసుకొస్తుంది. పంపడం మగవాళ్ల పని. వచ్చినదాన్ని మళ్లీ పంపేలా చేయడం ఆడవాళ్ల పని. ముందు అత్త చంద్రమ్మ చేసింది, తర్వాత ఆండాలు అందుకుంది. ఆమె కుడుతుంటే మామ పక్కన కూర్చుని తాను రికార్డు చేసుకున్న నాటకాల క్యాసెట్లు పెట్టేవాడు. అట్లా ఏ నాటకమూ చూడకుండానే ఆమెకు నూట ముప్పై పాటలు నోటికొచ్చాయి.

మామ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు దుకాణానికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది బడి పిల్లల తల్లులు. ఆ సోమవారం పొద్దున ఆండాలు ఒక బడి ఫంక్షన్ నుంచి తిరిగొచ్చిన అంగీల మెడపట్టీలు బ్రష్షుతో రుద్దుతుంటే, భర్త నగేష్ ఫోను పట్టుకుని వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"ఈ ఆదివారం పాట నా వంతు. జల్ది చెప్పు, ఏం రాయాలె?"

పాత నాటకాల అభిమానులు డెబ్బై మంది కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు అది. రైల్వేలో రిటైరైనవాళ్లు, పాల వ్యాపారం చేసేవాళ్లు, సైదాబాద్ టీచర్లు ఇద్దరు, బార్కస్ వైపు ఆటో నడిపే ఒకతను. అందులో రాసే ఓపికున్న నలుగురైదుగురు వంతులవారీగా, ఆదివారానికి ఒకరు, తమకిష్టమైన రంగస్థలం పాట పెట్టి, అది ఎందుకు ఇష్టమో రాయాలి. మూడేళ్లుగా నగేష్ రాసినవన్నీ ఆండాలు నోటి నుంచి వచ్చినవే. ఏ పాటలో హార్మోనియం ఎక్కడ ఆగుతుందో, ఏ చరణానికి జనం 'వన్స్ మోర్' అన్నారో, ఆమె చెబుతుంది, అతను కొడతాడు. తర్వాత వచ్చిన పొగడ్తలను ఆమెకే చదివి వినిపిస్తాడు. "గిది విను. 'నగేషన్నా, నీ బుర్రల టేప్‌రికార్డర్ పెట్టిచ్చుకున్నవా ఏంది' అంట." ఆమె నురగ చేతులతోనే నవ్వేది. ఒకసారి మాత్రం అడిగింది, నన్నూ చేర్చొచ్చు కదా అని. "ఆడోళ్లుంటే మావోళ్లు ఫ్రీగ మాట్లాడరే" అన్నాడు.

"ఈసారి విరజారాణి గురించి" అన్నాడు నగేష్. "యాభై ఏండ్లయితున్నదంట నాటకానికి. ఆనాడే హాల్ తీస్కున్నరు. రాజు బట్టలు, రాణి బట్టలు మనకాడనే ఉన్నయి గదా, గవి పెట్టి నన్నే మాట్లాడుమన్నడు కృపాకర్ సార్. ఆఖరి పాట గురించి గట్టిగ చెప్పాలె."

ఆండాలు బ్రష్షు ఆపింది.

ఆ ఆఖరి పాటంటే గ్రూపులో అందరికీ ప్రాణం. రాజు తప్పుడు నింద వేస్తే విరజారాణి కోట విడిచి పోతూ పాడే పాట. పాడి పాడి చివరికి రాజు కాళ్ల మీద పడుతుందని, ఈలలతో పందిరి ఎగిరిపోయేదని డెబ్బై మందీ ఏదో ఒకనాడు రాసినవాళ్లే. ఆండాలుకు ఆ పాట వేరే తీరుగా తెలుసు. కాపురానికి వచ్చిన ఏడాది, ఒక కంపెనీకి కిరీటం ఒకటి బదులు ఇంకొకటి పోయింది. కంపెనీవాళ్లు అరుస్తుంటే నగేష్ తప్పు ఆమె మీదికి తోశాడు. "ఇచ్చింది నువ్వే గదా" అంది ఆండాలు, వాళ్ల ముందరే. ఆ సాయంత్రం మామ కోప్పడలేదు. కేకలూ వేయలేదు. క్యాసెట్ పెట్టి, పాట అయిపోయేదాకా విననిచ్చి, "రాణి అంతటిదే మొగని కాళ్ల మీద పడ్డది బిడ్డా. నీదేం పోతది?" అన్నాడు. కంపెనీవాళ్లు నలుగురూ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నారు. ఆండాలు వంగి నగేష్ పాదాలు ముట్టుకుంది. అతని బొటనవేలి గోరు కొంచెం పగిలి ఉంది. అప్పటి నుంచి ఇంట్లో ఏ మాట పెరిగినా నగేష్ ఆ పాట మొదటి ముక్క కూనిరాగం తీస్తే చాలు, ఆమె నోరు మూతపడేది. తొమ్మిదేళ్ల కింద దుకాణం బోర్డు మీద తన పేరు కూడా రాయించమన్నప్పుడు తీశాడు. ఇద్దరు పిల్లలకు పాలిచ్చే రోజుల్లో కుట్టుపని తగ్గించమన్నప్పుడూ తీశాడు.

మంగళవారం పెట్టె దించింది. ఆ నాటకం కోసమే కుట్టించిన బట్టలని మామ వేరుగా తాళం వేసి దాచిన పెట్టె. రాజు వేషగాడు ఆరడుగుల మనిషట, ఆ పైజామా ఇంకెవరికీ సరిపడేది కాదు. ఆండాలు దాన్ని వెలుగులో పట్టుకుని, మోకాళ్ల దగ్గర ఆగిపోయింది. కుడి మోకాలికి లోపలి వైపు నుంచి అతుకు మీద అతుకు, నాలుగు. ఎడమ మోకాలికి మూడు. నాటకపు బల్లల మీద మళ్లీ మళ్లీ మోకరిల్లితే తప్ప అట్లా అరగదు. గబగబా రాణి లంగా తీసింది. ముందు భాగమంతా వేళ్లతో తడిమింది. మఖ్మల్ మీద నూగు కొత్తదానిలాగే ఉంది. మోకాళ్ల దగ్గర ఒక్క పోగు అరగలేదు. అరిగింది వెనక అంచు మాత్రమే, నడిచి వెళ్లే మనిషి వెనక ఈడ్చుకుపోయే అంచు.

మధ్యాహ్నం నగేష్ తింటుంటే ఆ బట్టలు రెండూ ముందు పెట్టింది.

"ఏంది? చినిగినయా? కుట్టు."

"కుట్టే ఉన్నయి. మోకాళ్లు సూడు. రాణియి గూడ సూడు. కాళ్ల మీద పడ్డది రాణి కాదు."

నగేష్ నవ్వాడు. "నాటకం ఆడినప్పుడు నువ్వు పుట్టనే లేదు. యాభై మంది కండ్లతోని సూసిండ్రు. వాళ్లకంటె నీ అతుకులకు ఎక్కువ తెలుసా?"

"పాటల గూడ యాడ బతిమిలాడలే గదా. 'ఏలిక నీవైతే ఏలుకో కోటను, నా అడుగు నాకిచ్చి పంపవయ్యా' అంటది. గిది కాళ్లు పట్టుకునేటోళ్ల మాటనా?"

"లొల్లి చెయ్యకు. ఆడదంటే గట్లుండాలె అనే గదా అందరికి ఆ సీన్ మీద మోజు. నలుగుర్ల నిలబడి కాదు అంటే నన్ను పిచ్చోడంటరు. ఇస్త్రీ చేసి, అతుకులు కనవడకుండ మడత పెట్టు."

ఆదివారానికి ముందు ఒకసారి కూర్చుని మాట్లాడుకుందామని శుక్రవారం సాయంత్రం గ్రూపులోని పదకొండు మంది ఇంటికే వచ్చారు. పెద్దమనిషి కృపాకర్ సార్, రైల్వే గుమస్తాగా చేసి రిటైరైన మనిషి. వసారా అంతా పాటలే. ఒకరు యుద్ధం పాట గొప్పదంటే, ఇంకొకరు "నీకు కత్తులు, గుర్రాలుంటె చాలు, పాట అక్కరలేదు" అన్నారు. విదూషకుడి పాట ఎత్తుకున్నాయనకు మధ్యలో దగ్గొచ్చింది. "భాయ్, నువ్వు పాడకు, నాటకం పోస్ట్‌పోన్ అయితది" అన్నాడు ఆటో అతను. అందరూ నవ్వారు. ఆండాలు వంటింటి గుమ్మంలో నిలబడి వింటూ, తప్పు పాడిన చోటల్లా పెదవులతో దిద్దుకుంటూ, రెండో విడత చాయ్ పెట్టింది. మాట ఆఖరి పాటకు రాగానే ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. "గా కాళ్ల మీద పడే సీన్... గసొంటి ఆడోళ్లు ఇప్పుడేడున్నరన్నా?"

ఆండాలు పైజామా పట్టుకుని బయటికొచ్చింది. తాను వస్తున్నట్టు తనకే ఆలస్యంగా తెలిసింది.

"సార్, గీ మోకాళ్లు ఒకసారి సూస్తరా?"

చెప్పాల్సినదంతా చెప్పింది. కృపాకర్ సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకుని అతుకులు లెక్కపెట్టాడు. నగేష్ మెడ ఎర్రబడింది. "బట్టలు ఉతికేటోళ్లకు పాట ఏం తెలుస్తది సార్, దాని మాటలు పట్టించుకోకుండ్రి."

"ఆగు నగేషూ" అన్నాడు కృపాకర్ సార్. "అప్పట్ల కుట్టింది మీ అమ్మనే గదా. అమ్మా, నీకేమన్న యాదికున్నదా?"

మూలన మంచం మీద కూర్చున్న చంద్రమ్మ కొడుకు వైపు చూసింది. "ఏమో బిడ్డా. ముసలిదాన్నయిన. యాదికి లేదు."

ఎవరో చిన్నగా నవ్వారు. "చాయ్ తే" అన్నాడు నగేష్.

వంటింట్లో ఆండాలు గిన్నె దించుతుంటే అత్త గోడ పట్టుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర కూలబడింది.

"రాజే మొక్కిండు" అంది మెల్లగా. "ఆడిన ప్రతిసారి. ఆ వేషగాడు సచ్చిపోయినంక వేరే కంపెనోళ్లు మార్చి రాణిని కాళ్ల మీద పండవెట్టిండ్రు. ఈలలు అప్పటిసంది మొదలైనయి. వీళ్లు సూసింది గదే."

"మామకు తెలుసా?"

"తెల్వకేం."

"మరి నన్నెందుకు..."

"నన్ను గూడ గా పాట పాడే మొక్కిచ్చిండు. పెండ్లయిన కొత్తల. అప్పటికే ఆ మోకాలు నేను మూడుసార్లు కుట్టిన బిడ్డా."

ఆండాలు పట్టకారు పక్కన పెట్టి కప్పులు వరసగా పేర్చింది. తాను అబద్ధాన్ని నమ్మి వంగింది. ఈమె నిజాన్ని తన సూదితోనే కుట్టి, ఆ దారం ఇంకా వేలికి చుట్టుకుని ఉండగానే వంగింది. రెండింట్లో ఏ నష్టం పెద్దదో తూచడానికి ఆండాలు దగ్గర రాయి లేదు. ఇప్పుడు వసారాలో అబద్ధమాడినందుకు అత్త మీద కోపం రావాలి. వచ్చింది కూడా, కొంచెం. కానీ యాభై ఏళ్లు ఒక మాటను నాలుక కింద దాచుకున్న మనిషి పదకొండు మంది మగవాళ్లు చూస్తుండగా ఒక్కసారిగా ఎట్లా ఉమ్మేస్తుంది? తాను మాత్రం ఏం చేసింది? మూడేళ్లుగా తన చెవిలోని పాటలను ఒక్కొక్కటీ తీసి ఇంకొకరి వేళ్లకు అందించింది. అడిగితే ఇవ్వడం, ఇచ్చి పక్కకు తప్పుకోవడం. ఈ ఇంట్లో సరుకంతా అట్లాగే చేతులు మారింది. రాజు కిరీటం పెట్టుకున్నవాడల్లా రాజైనట్టు, ఆమె మాటలు పెట్టుకున్నవాడు రసికుడయ్యాడు. ఉతికి, ఆరేసి, మళ్లీ రేపటికి సిద్ధం చేసింది తనే.

చాయ్ తీసుకుపోయి పదకొండు మందికీ అందించింది. ఆఖరి కప్పు నగేష్ చేతికిచ్చి, మామూలు గొంతుతోనే అంది:

"ఆదివారం మాట్లాడేది నువ్వే రాసుకో. మూడేండ్ల సంది నేను చెప్తే నువ్వు రాసినయి, ఇగ చాలు."

కృపాకర్ సార్ కప్పు నోటిదాకా పోయి ఆగింది. "దీనికి పైత్యం జేసింది సార్" అన్నాడు నగేష్. కానీ ఎవరూ నవ్వలేదు. ఆటో అతను మాత్రం, "అన్నా, పోయిన నెల రాసినవు గదా, గా జోలపాట... ఒక్క చరణం పాడవా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగాడు. నగేష్‌కు మొదటి ముక్క కూడా రాలేదు.

ఆ రాత్రి, మర్నాడు కూడా అతను ఇంట్లో తినలేదు. "ఇజ్జత్ తీసినవ్" అన్నది ఒక్కటే మాట. గ్రూపులో ఇద్దరు 'ఆడోళ్ల మాట పట్టుకుని నాటకాన్నే మారుస్తరా' అని రాసి వెళ్లిపోయారని అతను ఫోనులో ఎవరికో చెబుతుంటే వినబడింది. శనివారం ఆండాలు బట్టలు ఇస్త్రీ చేసింది. మోకాళ్లు పైకి కనబడేటట్టు మడత పెట్టింది. ఆదివారం పొద్దున నగేష్ ఆ మూట తీసుకుని, పాట కూడా తీయకుండా వెళ్లిపోయాడు.

మొత్తం కూడి చూస్తే పోయినవే ఎక్కువ. మొగుడి మాట పోయింది, ఎప్పుడు తిరిగొస్తుందో తెలియదు. మామ మీద మిగిలి ఉన్న గౌరవం పోయింది. క్యాసెట్లు వింటూ కుట్టుకున్న ఆ మధ్యాహ్నాలు తన జీవితంలో మంచివని ఇన్నాళ్లూ అనుకుంది, అవీ చేదయ్యాయి. వచ్చింది ఒక్కటే. అది పన్నెండు దాటాక ఫోనులో వచ్చింది, కొత్త నంబరు నుంచి.

"చెల్లె, నేను కృపాకర్‌ని. హాల్ల నుంచి. ఆఖరి పాట మా పిల్లలిద్దరు ఆడుతున్నరు. బట్టలు సూసినంక రాజే వంగాలె అని ఒప్పుకున్నరు. అందరు కాదు, సగం మంది. కని ఒకటి తెలుస్తలేదు. రాణి పోయేటప్పుడు రాజు లేస్తడా, గట్లనే ఉంటడా? నీకు తెలుసా?"

వెనక హార్మోనియం శ్రుతి చూసుకుంటున్నారు. ఆండాలుకు తెలియదు. తెలిసినట్టు చెప్పడం ఒక్క క్షణం పని. నగేష్ మూడేళ్లు చేసిన పనే.

"తెలిసినామెకు ఇస్తున్న సార్" అని ఆమె ఫోను తీసుకుపోయి మంచం మీది అత్త చేతిలో పెట్టింది. "తెర పక్కన సూది పట్టుకుని నిలబడ్డది నువ్వు. అడుగుతున్నరు, చెప్పు."

ముసలామె ఫోనును రెండు చేతులతో పట్టుకుంది. దుకాణం వైపు, కొడుకు కూర్చునే స్టూలు వైపు చూసింది. అది ఖాళీగా ఉంది.

"నా పేరు చంద్రమ్మ" అంది. "రాసుకోండ్రి."