టమాటాల ఇంటికి ఒంటివాలు కప్పు

మా అత్తయ్య లియోకాదియా ముందు కప్పుపెద్దను పిలుచుకుంది, తర్వాత కప్పు ఎలా ఉండాలో ఆలోచించింది. మా ఊళ్లో అందరూ చేసే పనే అది. ఇల్లైనా, బడైనా, కప్పు వేసే రోజున ఒక పెద్దమనిషి అండగా నిలబడాలి. మట్టి ఎద్దుల జంటనూ చిన్న సిలువనూ తెచ్చి, కప్పు రెండు వాలులూ కలిసే కొప్పు మీద పెట్టేది ఆయనే. తన బంధుబలగాన్ని పనిలోకి దింపేదీ ఆయనే. అందుకని కార్నివాల్ పండుగ నాడే ఒక రొట్టెల బుట్ట, ఒక చెరకు సారా సీసా పట్టుకుని అనక్లేతో ఇంటికి వెళ్లింది. ఆయన వడ్రంగి. ఊళ్లో సగం కప్పులు ఆయన చేతివే. ఆయన సీసా మూత తీశాడు. మూత తీశాక ఇద్దరిలో ఎవరికీ వెనక్కి పోవడానికి వీల్లేదు.

గ్రీన్‌హౌస్ కోసమని అత్తయ్య చెప్పింది. దాని కప్పు ఎలా ఉంటుందని ఆయన అడగలేదు. కప్పంటే రెండువైపులా వాలి, నడుమ కొప్పు ఉండేదేనని ఆయన లెక్క.

ఇదంతా టమాటాల కోసం. మా ఊరు ఎత్తు నాలుగు వేల మీటర్లకు కాస్త తక్కువ. బయట నేలలో బంగాళాదుంప, బార్లీ, కినువా లాంటి చలి ఓర్చే పంటలే నిలుస్తాయి. ఆదివారం సంతకు టమాటాలు కింది లోయ నుంచి లారీలో వస్తాయి. మా దాకా వచ్చేసరికి మిగిలేవి బుట్ట అడుగున నలిగినవే. పోయిన ఏడాది ఒకనాడు అత్తయ్య ఒక కాయను ఒత్తి చూస్తుంటే, లోయ నుంచి వచ్చిన అమ్మకందారు, "ఒత్తకు పెద్దమ్మా, నీకు దుంపలు ఒత్తే అలవాటు. ఇవి ఓర్చుకోవు" అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అత్తయ్య కూడా నవ్వింది. ఇంటికొచ్చాక మాత్రం, "వచ్చే ఏడు దాని ఎదురుగానే గుడ్డ పరిచి నా టమాటాలు పోస్తాను" అంది. అరవై నాలుగేళ్ల మనిషి. ఆ మాట కోసం రెండేళ్ల ఉన్ని ఇచ్చి ఒక ప్లాస్టిక్ చుట్ట తెచ్చుకుంది. ఐదు మీటర్ల వెడల్పు, తొమ్మిది మీటర్ల పొడవు. కప్పు తప్పుగా ఎంచుకుని దాన్ని కోశామంటే మరొకటి తెచ్చుకునే దారి లేదు.

"కుస్కో పట్నంలో కాలేజీ చదివావుగా కోడలా, ఏ కప్పో నువ్వే చెప్పు" అని మునిసిపాలిటీ వాళ్లు పంచిన బొమ్మల పుస్తకం నా ఒళ్లో పడేసింది.

అందులో ఐదు రకాల కప్పులున్నాయి. చదునుది వాన పడని చోట్లకు. రంపపు పళ్లలా మెట్లు మెట్లుగా ఉన్నది వేడి ప్రాంతాలకు. అక్కడ లోపలి వేడి పైనుంచి పోవాలి, మాకేమో ఆ వేడే కావాలి. విల్లులా వంగినది చూడ్డానికి బాగుంది, గాలికీ ఆగుతుంది. కానీ దానికి ఇనుప గొట్టాలు వంచాలి. మా దగ్గరున్నవి యూకలిప్టస్ వాసాలు. ఇక మిగిలినవి రెండు, రెండువైపుల వాలు ఒకటి, ఒంటివాలు ఒకటి.

జూన్, జూలై నెలలంతా నేను పెరట్లో నీడలు కొలిచాను. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్న మాకు చలికాలం అప్పుడే, ఎండ ఉత్తరం నుంచి ఏటవాలుగా వస్తుంది. రెండువైపుల వాలు వేస్తే దక్షిణపు సగం పగలు ఎండ పెద్దగా అందుకోదు, రాత్రి వేడిని మాత్రం బయటికి వదిలేస్తుంది. ఒంటివాలులో అయితే దక్షిణాన మందమైన పచ్చి ఇటుకల గోడ ఎత్తుగా లేస్తుంది. దాని మీద నుంచి కప్పు ఉత్తరానికి దిగుతుంది. పగలంతా ఎండ తాగిన గోడ రాత్రికి ఆ వేడిని తిరిగి ఇస్తుంది. టమాటా మొక్కను తాడు కట్టి పైకి లేపడానికి కావలసిన ఎత్తూ ఆ గోడ పక్కన దొరుకుతుంది. ఆకుకూరలైతే ఇంత ఆలోచన అక్కర్లేదు.

"అయితే ఒంటివాలే" అంది అత్తయ్య.

మేమిద్దరం అక్కడ ఒక సంగతి మరిచిపోయాం. మా ఊళ్లో ఒంటివాలు కప్పు వేసేది పందుల కొట్టానికి.

ఆగస్టులో అనక్లేతో వాసాలు కొలవడానికి వచ్చాడు. అప్పటికే మోకాలెత్తు ఎద్దుల జంట కొని ఇంట్లో పెట్టుకున్నాడట. గోడలకు వేసిన ముగ్గు గీతల చుట్టూ ఒకసారి తిరిగి ఆగిపోయాడు.

"కొప్పెక్కడ వస్తుంది చెల్లెమ్మా?"

"కొప్పు లేదన్నయ్యా. ఒకటే వాలు."

"రెండో సగం వచ్చే ఏడు వేస్తావా?"

"వెయ్యను. ఇంతే."

ఆయన టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. "నేను చర్చికి కప్పుపెద్దనయ్యాను. బడికి అయ్యాను. ఇప్పుడు పందుల కొట్టానికి అవ్వాలా? ఆ ఎద్దుల్ని ఎక్కడ పెట్టమంటావు, నీ నెత్తినా?"

"నా నెత్తిన అయితే నిలబడతాయి. నీ బట్టతల మీదైతే జారిపోతాయి."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆయన కొలతాడు చుట్టుకుని వెళ్లిపోయాడు.

ఆయన రాకపోతే ఆయన అన్నదమ్ములు, అల్లుళ్లు, మేనల్లుళ్లు కూడా రారు. ప్లాస్టిక్ పరచడం ఇద్దరు ముగ్గురితో అయ్యే పని కాదు. పొద్దున పదింటికి ఎండకు అది మెత్తబడాక, మధ్యాహ్నం గాలి లేవకముందే, పన్నెండు మంది ఒకేసారి పట్టి లాగాలి. ఎక్కడ వదులుగా ఉన్నా గాలి అక్కడే పట్టుకుని చింపుతుంది. మూత తీసిన సీసా ఉండగా వేరే కప్పుపెద్దను పిలవడం జరగని పని. అత్తయ్య రెండు రోజులు ఆ ప్లాస్టిక్ చుట్ట చుట్టూనే తిరిగింది. మూడో రోజు, "పోనీ, ఆయన చెప్పిందే వేద్దామా?" అంది మెల్లగా. ఆవిడ నోట ఆ మాట విన్నాక నేను ఊరుకోలేకపోయాను.

అనక్లేతో ఇంటికి వెళ్లాను. "పెదనాన్నా, మీరు రెండువైపుల వాలుతో ఒక బొమ్మ ఇల్లు చేయండి. నేను ఒంటివాలుతో చేస్తాను. రెండూ మా పెరట్లో పెట్టి, రాత్రి చలికి ఏది ఆగుతుందో మూడు పొద్దులు చూద్దాం. మీది గెలిస్తే మీ కప్పే."

"నువ్వు నాతో వడ్రంగం పోటీకి వచ్చావా!" అని ఆయన పగలబడి నవ్వాడు. కోపం సగం అక్కడే దిగింది.

ఆయన తెచ్చినది చూసి నాకు సిగ్గేసింది. నున్నగా చిత్రిక పట్టిన చెక్క, అతుకు కనపడని మూలలు, కొప్పు మీద బొటనవేలంత ఎద్దులు. నాది పళ్లపెట్టె మీద ప్లాస్టిక్ ముక్క. అయినా లెక్కలో తేడా రానివ్వలేదు. రెండిటికీ పైన ఒకే రకం ప్లాస్టిక్, అడుగున ఒకే నేల, ఒకే సంఖ్యలో పచ్చి ఇటుక ముక్కలు. ఆయన వాటిని చుట్టూ పేర్చాడు, నేను అన్నీ దక్షిణాన పేర్చాను. ఒక్కోదానిలో ఒక ముల్లంగి మొలకల తట్ట, ఒక గిన్నెడు నీళ్లు.

మర్నాడు తెల్లవారగానే ఆయన మా పెరట్లో ఉన్నాడు. ఆయన గిన్నెలో మంచు పలక కట్టింది. వేలితో నొక్కితే టక్కున విరిగింది. నా గిన్నెలో నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.

"గిన్నె పల్చనిది" అన్నాడు. గిన్నెలు మార్చాం. రెండో పొద్దున మళ్లీ ఆయన దానిలోనే మంచు.

"మీ బావి నీళ్ల గుణం ఇది." ఆ సాయంత్రం తన ఇంటి నుంచి కూజాతో నీళ్లు తెచ్చి రెండు గిన్నెల్లోనూ తనే పోశాడు. మూడో పొద్దున ఆయన గిన్నెలో మంచు ఇంకాస్త మందంగా కట్టింది.

"కూజా కూడా మా పక్షమే పెదనాన్నా" అన్నాను.

ఆయన జేబులోంచి గుప్పెడు ఎండు మొక్కజొన్న గింజలు తీశాడు. "మంచు సంగతి సరే. వడగళ్లో?" అని రెండు కప్పుల మీదా ఎత్తునుంచి కుమ్మరించాడు. ఆయన కప్పు మీదివన్నీ జలజలా జారిపోయాయి. నా కప్పు మీద సగం గింజలు వాసాల మధ్య ప్లాస్టిక్‌ను గుంటచేసి కూర్చున్నాయి.

"ఇదిగో, పందుల కొట్టం. మేత కూడా సిద్ధం!"

అత్తయ్య నా వైపు చూసింది. నేను ఎండనూ మంచునూ చూశానే గాని వడగళ్ల బరువు చూడలేదు. నిజం ఒప్పుకున్నాను. "నా వాలు చాలలేదు పెదనాన్నా."

అంతే, ఆయన గొంతుక్కూర్చున్నాడు. నా పెట్టెను వెనకవైపు ఎత్తి కింద ఒక ఇటుక పెట్టి గింజలు పోశాడు. కొన్ని ఆగాయి. రెండో ఇటుక పెట్టాడు. నాలుగైదు ఆగాయి. మూడో ఇటుకకు ఒక్క గింజా నిలవలేదు. తల వంచి లోపలికి చూసి, "ఇటు రా చెల్లెమ్మా" అని పిలిచాడు. "ఇందాకటిదాకా లోపలి చెమ్మ బొట్లుబొట్లుగా మొక్కల మీద పడుతోంది. ఇప్పుడు చూడు, ప్లాస్టిక్‌ను పట్టుకునే కిందకి పాకుతోంది. ఆకు తడవకపోతే తెగులు రాదు." ఈ సంగతి పుస్తకంలో ఉంది. కానీ చెప్పకుండానే పట్టుకున్నది ఆయన.

"వెనక గోడ పది అడుగులు లేపాలి. వాసాలు మూరకొకటి. దానికి తగ్గితే నేను రాను."

"అయితే వస్తున్నావన్నమాట" అంది అత్తయ్య.

ఆయన నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఆ సంతోషం అత్తయ్యకు ఒక్క నిమిషమే నిలిచింది. ప్లాస్టిక్ వెడల్పు పెరగదు. కప్పు నిటారుగా లేచినకొద్దీ కింద నేల తగ్గుతుంది. నేను పుల్లతో గీసి చూపించాను.

"ఒక వరుస పోతుందా? వరుసంటే పద్దెనిమిది మొక్కలు! అన్నయ్యా, రెండు ఇటుకలతో సరిపెట్టు."

"మూడు."

"రెండున్నర."

"ఇటుకను విరగ్గొట్టి వడగళ్లకు చెబుతావా, సగానికే తగలమని? ఉన్నవి బతకాలంటే ఆ పద్దెనిమిదీ వదులుకో."

వదులుకుంది. సాయంత్రం దాకా గొణుక్కుంటూనే ఉంది గానీ, ముగ్గు గీత మాత్రం తన చేత్తోనే జరిపింది.

సెప్టెంబరంతా గోడలు లేచాయి. వెనక గోడకు పైన గాలి కిటికీలు రెండు వదిలాం. అక్టోబరులో ఒక శనివారం పొద్దున అనక్లేతో తన బలగంతో వచ్చాడు. ఇరవై మందికి పైనే. చంకలో పట్టుబట్టలో చుట్టిన ఎద్దులు. మా వీధి చివరి ఫ్రూక్తువోసో గోడ మీద మోచేతులు ఆనించి, "పందులెక్కడ పెద్దాయనా?" అని అరిచాడు.

"నువ్వొచ్చావుగా, ప్రస్తుతానికి ఒకటి చాలు. రా, ఆ చివర పట్టుకో" అన్నాడు అనక్లేతో. ఫ్రూక్తువోసో నవ్వుతూ గోడ దూకి వచ్చాడు.

పదిన్నరకు ప్లాస్టిక్ విప్పాం. పైన గోడ మీద ఆరుగురు, కింద చూరు దగ్గర ఆరుగురు. "లాగు, ఆగు, లాగు" అని ఆయన కేకలు. నేను మధ్యలో నిలబడి ముడత కనపడ్డ చోటల్లా వేలు చూపించాను. మూడుసార్లు విప్పి మళ్లీ లాగించాను. "ఈ పిల్ల దుప్పటి ఇస్త్రీ చేయిస్తోంది" అని ఎవరో అన్నారు. అననీ అనుకున్నాను. చివరికి అరచేత్తో తడితే డోలులా మోగింది. చెక్కపట్టీలు కొట్టేశారు.

అప్పుడు ఆయన నిచ్చెన ఎక్కి, రెండడుగుల మందమున్న గోడ నెత్తిన సిలువను నిలిపి, ఎద్దులను చెరో పక్క కూర్చోబెట్టాడు. కదిపి చూశాడు. కదల్లేదు. "నలభై ఏళ్లలో నా ఎద్దులు ఇంత కుదురుగా ఏ కొప్పు మీదా కూర్చోలేదు!" అని పైనుంచే ప్రకటించాడు. తొలి దోసెడు చీచా, అదే మా మొక్కజొన్న కల్లు, నేలతల్లికని నేల మీద పోసి, తర్వాత అందరం తాగాం.

ఉడికించిన మొక్కజొన్న, కాల్చిన గినీ పంది, మంచులో ఆరబెట్టి ఎండించిన చున్యో దుంపలు పెరట్లో గుడ్డల మీద పరిచి తింటుండగా కొండ వెనక నుంచి నల్లగా కమ్ముకొచ్చింది. చినుకు లేదు, ఏకంగా వడగళ్లే. గోలీలంత. అందరూ పళ్లేలు పట్టుకుని దగ్గరున్న కప్పు కిందికి పరుగెత్తారు. ఆ కప్పు ఇదే.

లోపల ఒకరి మాట ఒకరికి వినపడలేదు. ఇరవై ఏడుగురం తలలెత్తి చూస్తున్నాం. తెల్లటి గింజలు వచ్చి కొట్టుకుంటున్నాయి, ఒక్క ఎగురు ఎగిరి జారిపోతున్నాయి. ముందు గోడ అవతల కుప్ప పెరుగుతోంది. కప్పు మీద ఒక్కటీ నిలవడం లేదు. అనక్లేతో నోరు తెరుచుకుని ప్రతి వాసాన్నీ వరుసగా చూసుకుంటూ పోయాడు. చివరి వాసం దాకా చూసి, నా భుజం మీద ఒక్క చరుపు చరిచాడు. ఫ్రూక్తువోసో మెడలోంచి వేసుకున్న పొంచో కంబళి విప్పి నుదురు తుడుచుకున్నాడు. అక్టోబరు వడగళ్ల వానలో మా ఊళ్లో మనిషికి చెమట పట్టడం అదే మొదటిసారి.

అందరూ పైకి చూస్తుంటే కిందకి చూసింది అత్తయ్య ఒక్కతే.

"ఎవరి కాలది? ఎవరి కాలది నా మడి మీద?"

ఎరువు కలిపి, దువ్వి, నారు నాటడానికి సిద్ధం చేసిన మడులవి. ఆవిడ ఒక్కొక్కరి మోకాలి మీదా కొడుతూ వచ్చింది. మడుల మధ్య ఉన్నది మూరెడు వెడల్పు కాలిబాట. అందరం దాని మీదికి చేరి, పళ్లేలు నెత్తిన పెట్టుకుని, ఒకరి వెనక ఒకరం అతుక్కుని నిలబడ్డాం.

అనక్లేతో మాత్రం కదల్లేదు. "నేను కప్పుపెద్దను!" అన్నాడు.

"కప్పు పైనుంది అన్నయ్యా. కింద నేల నాది. జరుగు."

ఆయన పొట్ట లోపలికి పీల్చుకుని, పక్కకు తిరిగి, మా వరుసలో దూరాడు.