బాగుపడ్డ వాడ

ప్లగ్గు పీకేముందు వాళ్ళు మంచం మీదున్న మనిషి ముఖమైనా చూడలేదు. ఇద్దరు కూలీలు, వాళ్ళ మీదొక సూపర్‌వైజరు. ఆక్సిజన్ మిషనుకు దుప్పటి చుట్టి వ్యానెక్కించారు. దాని గొట్టం కొస నిమిషం క్రితం దాకా పెద్దన్న ముక్కులో ఉంది.

"బాబూ, ఆయన వంతు ఇంకా అవలేదు. ఒక్క గంట ఆగండి," అని పెద్దొదిన వ్యాను తలుపు పట్టుకుంది.

"మాదేముందమ్మా? పైనుంచి ఆర్డరు."

పైనుంచి! మన బతుకుల్లో పడే ప్రతి పిడుగూ అక్కణ్ణించే పడుతుంది. పైన ఎవరున్నారని అడిగితే చెప్పే నాథుడుండడు. ఈసారి మాత్రం ఆ పైవాళ్ళను పెద్దొదిన కళ్ళారా చూసింది. నాలుగు రోజుల క్రితమే వాళ్ళకు స్వయంగా మంచినీళ్ళు అందించింది.

ఆ వాడలో అందరిదీ రాయి పనే. మగవాళ్ళు డ్రిల్లు పడతారు, ఆడవాళ్ళు కంకర మోస్తారు. పక్కనే క్రషర్ పగలంతా దుమ్ము కక్కుతుంది. ఆ దుమ్ము లోపలికి పోయి ఊపిరితిత్తుల్ని రాయి చేస్తుంది. పెద్దన్న ఇరవై ఏళ్ళు డ్రిల్లు పట్టాడు. నలుగుర్ని నవ్వించనిదే ముద్ద దిగని మనిషి, ఇప్పుడు నవ్వితే ఊపిరాడదని నవ్వు మానుకున్నాడు. అలాంటివాళ్ళు వాడలో ఇంటికొకరున్నారు. అందరికీ కలిపి ఆ మిషను ఒక్కటే. వాడలో ఆరోగ్య కేంద్రం తెరిచి దాన్ని పెట్టింది, భూమ్మీద పేదరికం లేకుండా చేస్తామని దేశదేశాల్లో ఆఫీసులు తెరిచిన పెద్ద సంస్థ. దాన్ని నడిపించే బోర్డు సభ్యులు సోమవారం నాడు వాడను చూడ్డానికి వచ్చారు.

వస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి పెద్దొదిన కాలు నిలవలేదు. గోడలకు సున్నం కొట్టించింది. కుర్చీలు అద్దెకు తెప్పించింది. మంచి బట్టలున్నవాళ్ళ చేత లేనివాళ్ళకు ఇప్పించింది. దగ్గేవాళ్ళందర్నీ పనిముట్ల షెడ్డులోకి చేర్చింది.

"ఇంటికొచ్చినవాళ్ళ ముందు మన కుళ్ళు పరుస్తామా? నోట్లో గుడ్డ కుక్కుకోండి, దగ్గు వినపడకూడదు," అని కట్టుకున్నవాడికి కూడా తనే గుడ్డ ఇచ్చి తలుపు దగ్గరకు లాగింది.

బోర్డు అధ్యక్షురాలు తెల్లజుట్టు మనిషి, మాట వెన్న. ఆవిడ సున్నం గోడలూ ఉతికిన బట్టలూ చూసి మురిసిపోయింది.

"ఎంత మార్పు! బాగున్నారా అమ్మా?"

"మీ దయవల్ల బాగున్నామమ్మా," అంది పెద్దొదిన.

బాగున్నారా అంటే బాగున్నామనక మర్యాద తెలిసిన మనిషి ఇంకేమంటుంది? పేదవాడికి ఉన్న ఒక్క ఆస్తీ పరువు. ఆ పూట వాడవాళ్ళు దాన్నే విస్తరేసి వడ్డించారు. తిన్నవాళ్ళు వీళ్ళకిక ఆకలి లేదని రాసుకుపోయారు.

శుక్రవారం వ్యాను వచ్చింది. కేంద్రం తలుపుకు నోటీసు అంటించారు. ఉద్యోగం పోయిన నర్సు దాన్ని పైకి చదివింది. ఈ వాడ పేదరికం నుంచి బయటపడిందట. అవసరం ఎక్కువున్న చోటికి కేంద్రాన్ని తరలించాలని బోర్డు ఏకగ్రీవంగా తీర్మానించిందట.

"ఏకగ్రీవమంటే?" అని అడిగాడు లారీలకు కంకర ఎత్తే మనిషి. వాడంతా అతన్ని లారీ బావ అంటుంది.

"ఒక్కరూ కాదనలేదని. పట్టుబట్టింది మాత్రం ఒక్కడే," అంది నర్సు.

"ఎవడు?"

"ఇంకెవరు, మీ క్రషర్ యజమాని. ఆయనా బోర్డు సభ్యుడే. నేను ఎవరికైనా రాతిదుమ్ము జబ్బు అని రాసిచ్చినప్పుడల్లా ఫోన్ చేసి తిట్టేవాడు. కేంద్రం లేకపోతే ఆ జబ్బు పేరెత్తేవాళ్ళే ఉండరు."

దుమ్ము పోసేవాడు, దుమ్ముకు మందిచ్చేవాళ్ళ పక్కన కుర్చీ వేసుకు కూర్చున్నాడు. చదువుకున్నవాళ్ళు దీన్ని సేవ అంటారు. మా భాషలో దీనికి వేరే పేరుంది, ఇక్కడ రాయకూడదు.

సాయంత్రానికి వాడంతా మూసిన తలుపు ముందు చేరింది.

"తొందరపడకండర్రా," అన్నాడు టీ కొట్టు మామ. "అన్నం పెట్టిన చెయ్యిని కరుస్తామా? ఓ అర్జీ పెట్టుకుందాం."

"అర్జీ చేరేలోపు నా తమ్ముడు కాటికి చేరతాడు!" అని అరిచింది కంకర మోసే చిన్నక్క. ఆమె కోపం మామ మీద ఆగలేదు. "అసలు నీవల్లే పెద్దొదినా! షెడ్డులో దాచమంది నువ్వు కాదూ? బాగున్నామని చెప్పింది నువ్వు కాదూ?"

పెద్దొదిన తల దించుకుంది. ఇంట్లో మంచం మీద మొగుడి గుండె పైకీ కిందకీ ఎగురుతున్న చప్పుడు ఆమెకు ఇక్కడికీ వినిపిస్తున్నట్టే ఉంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే వీళ్ళు ఓదారుస్తారు, ఓదార్పుతో రాత్రి గడిచిపోతుంది, పొద్దున్నకు ఆయన ఉండడు. ఆ భయం ఆమె గొంతు తెరిచింది.

"నేనే చేశాను. సిగ్గుపడ్డాను. జబ్బు మనదైతే సిగ్గూ మనదే అనుకున్నాను. ఇన్నేళ్ళూ వాడు దుమ్ము పోస్తుంటే మనమే ఊడ్చుకున్నాం, మనమే దాచుకున్నాం. ఇక నావల్ల కాదు. బోర్డువాళ్ళు రేపు మధ్యాహ్నం దాకా ఊళ్ళోనే ఉంటారట. మంచాలెత్తండి. ఎవర్ని దాచామో వాళ్ళనే చూపిద్దాం."

"లారీ తెమ్మంటావా?" అన్నాడు బావ.

"వాడి లారీ మనకెందుకు? భుజాల్లేవా?"

తెల్లారి మంచాలు రోడ్డెక్కాయి. ఒక్కో మంచానికి నలుగురు. అలిసినవాళ్ళ చోటికి ఇంకో నలుగురు. అడిగిన దారినపోయేవాళ్ళకు, "శవాలు కాదయ్యా, ఇంకా టైముంది," అని జవాబిచ్చాడు బావ. క్రషర్ దగ్గర పనిలో ఉన్నవాళ్ళు తట్టలు కిందపడేసి వెనకాల కలిశారు. టీ కొట్టు మామ కొట్టు మూసి, గొణుక్కుంటూనే, చిన్నక్క తమ్ముడి మంచానికి భుజం పట్టాడు.

సంస్థ భవనానికి అద్దాల తలుపులు. మెట్ల మీద పోలీసులు. మంచాలు మెట్ల కింద వరసగా దించారు. దగ్గులు మొదలయ్యాయి. ఈసారి ఎవరి నోట్లోనూ గుడ్డ లేదు.

ఆ దగ్గుకు బోర్డు బయటికొచ్చింది. అధ్యక్షురాలి ముఖం పాలిపోయింది.

"వీళ్ళంతా... ఆ రోజు ఎక్కడున్నారు?"

"షెడ్డులో ఉన్నారమ్మా. మీరొస్తున్నారని దాచాం," అంది పెద్దొదిన. "మిషను తిరిగి ఇప్పించండి. ఇంకేం అడగం."

ఆవిడ కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. అబద్ధం ఎందుకు చెప్పాలి, మంచి మనిషే. "తీర్మానం అయిపోయిందమ్మా. దాన్ని మార్చాలంటే మళ్ళీ బోర్డంతా కూర్చోవాలి. అది వచ్చే ఏడు. నేను తప్పకుండా ప్రస్తావిస్తాను."

"ఏడాదా?" పెద్దొదిన మంచం వైపు చూసింది. పెద్దన్న పెదాలు నల్లబడ్డాయి. "ఈయన మధ్యాహ్నం దాకా ఆగితే అదే గొప్పమ్మా!"

అప్పుడు క్రషర్ యజమాని రెండు మెట్లు దిగి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, మీ ఆయన నా దగ్గర పాత మనిషి. నా ఆసుపత్రిలో బెడ్డు ఇప్పిస్తాను. ఆక్సిజన్, మందులు, అన్నీ. కారు ఇప్పుడే వస్తుంది. మిగతావాళ్ళను మాత్రం ఇళ్ళకు పంపెయ్."

"మిగతావాళ్ళ సంగతి?"

"తర్వాత చూద్దాం."

ఆశ ఎంత చెడ్డదంటే, శత్రువు చేతిలో ఉన్నా చెయ్యి చాపిస్తుంది. పెద్దొదిన వెనక్కి తిరిగి జనాన్ని చూసింది. ఒక్కరైనా తిడితే బాగుండుననుకుంది. తిట్టలేదు. నిన్న నిలదీసిన చిన్నక్కే దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది.

"తీసుకెళ్ళు పెద్దొదినా. ఒక్కడన్నా బతకనీ. మేమేం అనుకోం."

దాంతో ఆమెకు దుఃఖం ఆగలేదు. మంచం పక్కన కూలబడి మొగుడి చెవిలో చెప్పింది. "ఏమయ్యా, కారొస్తుందట. వెళ్దామా? ఊఁ అను. నువ్వు ఊఁ అంటే నేనెవరి మాటా విననయ్యా."

పెద్దన్న కళ్ళు తెరిచాడు. యజమానిని చూశాడు, వరసగా ఉన్న మంచాల్ని చూశాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి వెతుక్కున్నాడు.

"దుమ్మూ... వాడిదే... మందూ వాడిదేనా? వాడికి... రెండు బేరాలు... ఎందుకే..."

అని నవ్వాడు. ఎన్నాళ్ళుగానో దాచుకున్న నవ్వు. ఆ నవ్వు దగ్గయింది, దగ్గు ఎగశ్వాసయింది. నర్సు పరుగెత్తుకొచ్చి గుండె మీద చేతులు పెట్టి నొక్కింది, నొక్కింది, ఆపేసింది.

పెద్దొదిన గుండెలు బాదుకుంది. ఆ ఏడుపుకు మెట్ల మీదున్న పోలీసు కూడా ముఖం తిప్పుకున్నాడు. బోర్డు సభ్యులు ఒకరి వెనకొకరు లోపలికి జారుకున్నారు.

కాసేపటికి పోలీసు అధికారి వచ్చి టోపీ తీశాడు. "అయిందేదో అయింది తల్లీ. శవాన్ని తీసుకుని వెళ్ళిపోండి. మేం అడ్డం రాం."

పెద్దొదిన కళ్ళు తుడుచుకుని లేచింది. లారీ బావ, చిన్నక్క, టీ కొట్టు మామ మంచానికి ఒక్కో కోడు పట్టారు. నాలుగో కోడు ఆమె పట్టింది. మంచం లేచింది. శవానికి దారివ్వని మనిషుంటాడా? పోలీసులు రెండు పక్కలకూ తప్పుకున్నారు.

మంచం రోడ్డు వైపు తిరగలేదు. మెట్లెక్కింది.

అధికారి తేరుకుని "ఆగండి!" అనేలోపు అద్దాల తలుపులు దాటారు. లోపల నున్నటి పొడుగు బల్ల, దాని చుట్టూ బోర్డు. కప్పులు పక్కకు నెట్టి మంచాన్ని ఆ బల్ల మీద దించారు. యజమాని కుర్చీ తన్నుకుంటూ లేచాడు. వెనక బూట్ల చప్పుడు. లాఠీ ఒకటి మామ వీపు మీద పడింది. ఇద్దరు పోలీసులు పెద్దొదిన రెక్కలు విరిచి పట్టుకున్నారు.

అధ్యక్షురాలు వణుకుతూ లేచి, సమావేశం ముగిసిందని చెప్పబోయింది.

"కూర్చోండమ్మా," అంది పెద్దొదిన, పోలీసుల చేతుల్లోంచే. "బోర్డంతా కూర్చుంటే తీర్మానం మార్చొచ్చన్నారుగా? అందరూ ఉన్నారు. మావాళ్ళూ వస్తున్నారు."

ఆమెను వ్యాను వైపు ఈడ్చుకుపోయారు. గుమ్మంలో ఆమెకు ఎదురుగా రెండో మంచం లోపలికి వస్తోంది. దాని వెనక మూడోది మెట్లెక్కుతోంది.