పెళ్ళానికి తెలియని చోటు

ఫుసా కత్తిని కదపదు, పండునే తిప్పుతుంది. వసారా అంచున కూర్చుని ఎడమచేత్తో పెర్సిమన్ పండును తిప్పుతుంటే తొక్క తెగకుండా పొడుగ్గా ఒళ్ళోని బుట్టలోకి జారుతుంది. తాడుకు కట్టడానికి వీలుగా తొడిమె దగ్గర చిన్న కొమ్మముక్క వదిలేస్తుంది. ఒలిచిన పళ్ళు చూరుకింద వేలాడి ఎండితే సహకార సంఘంవాళ్ళు వచ్చి పట్టుకెళ్తారు. ఆ వగరు రసం అంటి ఆమె వేళ్ళు శరత్కాలమంతా నల్లగానే ఉంటాయి. ఆ మరకలు సబ్బుకీ పోవు, ఉప్పుకీ పోవు. ఈ కొండ ఊరికి కోడలిగా వచ్చిన ఏడాది నుంచీ అంతే. ఊళ్ళో ఎవరినడిగినా ఆమె గురించి ఒక్కటే చెప్తారు, పళ్ళు బాగా ఒలుస్తుందని.

ఇవాళ మాత్రం తొక్క మాటిమాటికీ తెగిపోతోంది. ఆమెకు ఒళ్ళు మండిపోతోంది మరి.

పోయిన వారం సాయంత్రం పెరటి చెట్టు కింద వంగి రాలిన పళ్ళు ఏరుకుంటోంది. ఎందుకో తలెత్తితే వసారాలో మొగుడు గెన్‌జో నిలబడి ఉన్నాడు. భుజానికి ఆనించిన తుపాకి గొట్టం తిన్నగా ఆమె గుండెకేసి చూస్తోంది. "నేనండీ! నేను!" అని గొంతు చించుకుంది. గెన్‌జో తుపాకి దించాడు.

"ఆ మట్టిరంగు కోటేసుకుని వంగుంటే పందో మనిషో ఎవడికి తెలుస్తుందే?" అన్నాడు.

అంతే. లోపలికెళ్ళి అన్నం తిన్నాడు. ముల్లంగి పులుసులో ఉప్పు తక్కువైందని కూడా అన్నాడు. కళ్ళకు పొర కమ్మిందంటే ఒప్పుకోడు. ఊరి డాక్టరేమో గెన్‌జో పంపే పందిమాంసం తింటూ, చూపు భేషుగ్గా ఉందని ఏటా రాసిచ్చేస్తాడు.

మర్నాడే ఫుసా వెళ్ళి ఊరిపెద్ద హతానో ముందు మొత్తుకుంది. ఆ హతానోయే ఇప్పుడు ఆమె పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు.

"వదినా, ఇవాళ పోలీసాయన వస్తాడు. ఏటా మాదిరే తుపాకీ, బీరువా చూసుకుని పోతాడు. ఆ చెట్టు కింది గోల ఎత్తకు."

"గోలా? నా ప్రాణం పోయేది!"

"పోలేదుగా! ఊళ్ళో తుపాకి పట్టేవాడు అన్నయ్య ఒక్కడే మిగిలాడు. ఆయన మానేస్తే పందులు ఒక్క మడి మిగల్చవు. అయినా నువ్వు చెప్తే నమ్మేదెవరు? అన్నయ్య కాదంటాడు. నాకు తెలీదని నేనంటాను."

"మడికి కాపలా పెట్టుకున్నావు, బాగుంది. మరి నాకు?"

"ఎర్ర కోటు కొనుక్కోరాదూ!" అని హతానో తన మాటకు తనే పగలబడి నవ్వాడు.

ఫుసా కత్తి కింద మరో తొక్క తెగింది.

మధ్యాహ్నం కాకముందే పోలీసు కురమోచి వచ్చాడు. చాలా ఏళ్ళుగా ఈ ఇంటికి వచ్చేవాడే. బూట్లు విప్పి, చలికి చేతులు రుద్దుకుంటూ వసారాలో కూర్చున్నాడు. గెన్‌జో ఉతికిన చొక్కా వేసుకుని బయటికొచ్చి, అందరూ వసారాలోనే ఉండాలని చెప్పి, లోపలి జారుడు తలుపు మూశాడు. ఇది ఏటా జరిగే తంతు. తాళంచెవి తియ్యడం ఎవరూ చూడకూడదు. లైసెన్సు ఉన్నవాడి దగ్గరే అది ఉండాలి, ఎక్కడుందో కట్టుకున్న పెళ్ళానికి కూడా తెలియకూడదు. అలా అని చట్టం. ఆ చట్టం రాసినవాడెవడో గానీ జన్మలో ఇల్లు ఊడ్చి ఉండడు.

తర్వాత తలుపు తెరుచుకుంది. కురమోచి స్తంభానికి బిగించిన ఇనప బీరువాను ఊపి చూశాడు, తుపాకి నంబరు చూశాడు, వేరే గదిలో ఉన్న తూటాల పెట్టె చూశాడు. అన్నీ సక్రమమే. గెన్‌జో తాళం వేసి మళ్ళీ తలుపు మూసి, కాసేపటికి ఖాళీ చేతులతో బయటికొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఇక మామూలు ప్రశ్నే, పిన్నిగారూ," అన్నాడు కురమోచి నవ్వుతూ. "తాళంచెవి ఎక్కడుంటుందో మీకు తెలుసా?"

ఏటా ఆమె చెప్పే జవాబు ఒకటే. ఆయన మేజోళ్ళెక్కడున్నాయో ఆయనకే తెలీదు, తాళంచెవి సంగతి నాకేం తెలుసు నాయనా, అంటుంది. అందరూ నవ్వుతారు. ఇవాళ కూడా హతానో ముందే నోరు తెరిచి సిద్ధంగా ఉన్నాడు.

ఫుసా కత్తి కింద పెట్టింది.

"తెలుసు."

హతానో నోరు తెరుచుకునే ఉండిపోయింది. కురమోచి గొంతు తగ్గించాడు. "పిన్నిగారూ, ఆ మాట నేనింకా వినలేదనుకోండి. విన్నానంటే తుపాకి నాతో రావాలి. మళ్ళీ తిరిగి రాదు."

"పట్టుకెళ్ళు నాయనా. అందుకే చెప్తున్నాను."

లేచి లోపలికెళ్ళింది. చనిపోయిన అత్తమామలకు ధూపం వేసే చెక్కగూటి ముందు కూర్చుని, అగరొత్తుల బూడిద గిన్నెలో నల్లటి వేళ్ళు ముంచి తాళంచెవి తీసింది.

"ఏటా పెద్దల పండక్కి ఈ బూడిద జల్లిస్తాను. ఏటా జల్లెడకి ఇదే తగుల్తుంది. మళ్ళీ ఉన్నచోటే పెట్టి బూడిద కప్పుతాను. ఇల్లు ఊడ్చేదానికి తెలియని చోటు ఇంట్లో ఉంటుందటయ్యా? ఎందుకు చెప్తున్నానో కూడా విను. పోయిన వారం ఈయన ఆ చెట్టు కింద నాకు గురిపెట్టారు, పందనుకుని!"

"వదినకి ఈమధ్య మతి..." అని హతానో అందుకున్నాడు.

"నోర్ముయ్!" అంది ఫుసా. ఆ ఇంట్లో ఆమె అంత గట్టిగా మాట్లాడటం ఎవరూ ఎరగరు.

కురమోచి గెన్‌జో కేసి చూశాడు. గెన్‌జో చెట్టు మాట కాదనలేదు, అవుననీ అనలేదు. అతని చూపు తాళంచెవి మీదే ఉంది.

"ఎప్పట్నుంచి తెలుసే?"

"మీకు లైసెన్సొచ్చిన ఏడాది నుంచి. అప్పుడు టీ డబ్బాలో పెట్టేవారు. తర్వాత మామయ్యగారి ఫోటో వెనక. పాప పుట్టినప్పుడు తలుపు పైన పెట్టారు, దానికి అందకూడదని. మీ అమ్మ పోయాక ఇందులోకి మార్చారు."

తాగిన ప్రతి చోటా గెన్‌జో చెప్పుకున్న గొప్ప అదొక్కటే. మా ఆవిడక్కూడా తెలీదురా, అనేవాడు. దాన్ని ఆమె ఇన్నేళ్ళూ పసివాడి దొంగాట చూసినట్టు చూస్తూ వచ్చిందన్నమాట.

"గురిపెట్టినందుకు ఒక్క మాట, పొరపాటైంది ఫుసా అని ఒక్క మాట అనుంటే..." అంది ఫుసా. అతను ఇప్పుడు కూడా ఆ మాట అనలేదు.

తుపాకి గుడ్డసంచిలో కారెక్కింది. తూటాలు కూడా వెళ్ళాయి. ఖాళీ బీరువా తాళంచెవిని కురమోచి గెన్‌జో చేతిలో పెట్టి తలవంచి సెలవు తీసుకున్నాడు. హతానో చెప్పులు సరిగా తొడుక్కోకుండానే జారుకున్నాడు.

ఫుసా మళ్ళీ పళ్ళ ముందు కూర్చుంది. వంటింట్లోంచి సుత్తి చప్పుడు వినిపించింది. కాసేపటికి గెన్‌జో సంచీ భుజాన వేసుకుని ఆమె పక్కనుంచే మెట్లు దిగాడు.

"ఎక్కడికండీ?"

"పట్నంలో మా తమ్ముడింటికి. ఇక్కడ నేను దాచుకోగలిగింది ఏముంది?"

వెనక్కి చూడకుండా బస్సు రోడ్డుకేసి నడిచాడు. ఆమె పిలవలేదు. పిలవడానికి కోపం అడ్డొచ్చింది. చేతిలో ఉన్న పండు ఒలిచాకే లేచింది. ఈసారి తొక్క తెగలేదు.

వంటింట్లోకి వెళ్ళి అన్నం గిన్నెలు తియ్యబోయింది. రెండు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టింది. పొయ్యి పక్క స్తంభానికి సరిగ్గా ఆమె కళ్ళ ఎత్తులో కొత్త మేకు దిగి ఉంది. దానికి తాళంచెవి వేలాడుతోంది, గాట్లలో ఇంకా కాస్త బూడిదతో.