మూడు బిళ్లల సందు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిదే, కాకపోతే కాస్త పెద్దది. ఆ పెద్ద నోటి వల్లే సౌదీలో నాలుగేళ్లపాటు నేను వడ్రంగిని కాకుండా పోయాను.

1989లో బొంబాయిలో వీసా ఏజెంటు గుమాస్తా నా కాగితాలు నింపుతూ, "క్యా కామ్ ఆతా హై?" అని అడిగాడు. మాది నిజామాబాద్ జిల్లా. మా తాత నాగళ్లు చెక్కాడు. మా నాయన రైలు పట్టాల కింద వేసే స్లీపర్లు చెక్కాడు. నేను గడపల నుంచి బండి చక్రాల దాకా చేశాను. అలాంటి, ఇంటిపేరులోనే వడ్రంగం ఉన్న వడ్ల లింబాద్రిని పట్టుకుని ఏ పని వచ్చని అడిగితే ఒళ్లు మండదా? ఛాతీ విరుచుకుని "సబ్ కామ్ ఆతా హై" అన్నాను. అన్ని పనులూ వచ్చినవాడికి అరబీలో ఏమని రాస్తారో నాకేం తెలుసు?

దమ్మామ్‌లో దిగిన నెలకు ఇకామా చేతికొచ్చింది. ఆ దేశంలో మనిషి ఎవరో, ఏం చేస్తాడో చెప్పే గోధుమరంగు చిన్న పుస్తకం అది. నా గదిలోనే ఉండే అబ్దుల్ ఖాదర్ దాన్ని చదివి నవ్వాడు. అతను బోధన్ వాడు, మా కంపెనీలోనే టైమ్‌కీపర్, అరబీ చదవడం వచ్చు.

"లింబన్నా, ఇందుల నజ్జార్ అని లేదే. ఆమిల్ అని రాసిన్రు."

"అంటే ఏంది?"

"నజ్జార్ అంటే వడ్లాయన. ఆమిల్ అంటే కూలి. ఏ పని జెప్తే ఆ పని జెయ్యాలె."

నేను చెప్పిందీ అదే కదా! నా మాటే నా మెడకు చుట్టుకుంది. బాడిశ, ఉలి, రంపం ట్రంకు పెట్టె అడుగున పడుకున్నాయి. నేను సిమెంటు బస్తాలు మోశాను.

తొంభై ఒకటి జనవరిలో యుద్ధం మొదలైంది. సైరన్ మోగినప్పుడల్లా క్యాంపులో మంచాల కింద దూరేవాళ్లం. కిటికీ అద్దాలకు టేపులు అంటించే పని కూడా ఆమిల్‌లదే. యుద్ధం ఆగాక సరిహద్దు ఊరు ఖఫ్జీలో దెబ్బతిన్న క్వార్టర్లు బాగుచేసే కాంట్రాక్టు మా కంపెనీకి వచ్చింది. ఇకామాలో ఆమిల్ అని ఉన్నవాళ్లందరినీ అక్కడికి తోలారు. నాలుగు నెలలు పారతో గాజు పెంకులు, ఇసుక ఎత్తిపోశాను. నా కళ్లెదుటే ఎవడో నజ్జార్ తలుపులు బిగించేవాడు. అన్నీ వంకరే. వాడి చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కోవాలని ఎన్నిసార్లు అనిపించిందో! కానీ వాడికి కాగితం ఉంది, నాకు లేదు. దమ్మామ్ తిరిగొచ్చాక కూడా ప్రతి ఏడూ చలికాలం ముందు నోటీసు బోర్డు మీద ఖఫ్జీకి పంపే కూలీల జాబితా పడేది. ఆమిల్ అన్న ఒక్క మాట మారితే చాలు, నేను దమ్మామ్ వడ్రంగి షెడ్డులో నా ఉలి పట్టుకోవచ్చు. దేవుణ్ని నేను కోరింది ఆ ఒక్క మాటే.

తొంభై రెండులో చెక్ దేశపు ఇంజినీరొకాయన వచ్చాడు. పేరు వాత్స్లావ్. అది మా నోళ్లలో పడి రెండు రోజుల్లోనే వాసు సార్ అయింది, ఆయన కూడా ఆ పేరుకే పలికాడు. తాను ఉండే పోర్టా క్యాబిన్ పక్కనే ఖాళీగా ఉన్న ఇంకో క్యాబిన్ అడిగి తీసుకున్నాడు. అందులోకి ప్లైవుడ్ మోసుకెళ్లే పని నాకు చెప్పారు.

లోపల గోడనిండా ఫోటోలు. కొండలు, కోనలు, వాటి మధ్య ఆటవస్తువులాంటి చిన్న రైలు. ఒక ఫోటోలో టోపీ పెట్టుకున్న ముసలాయన పట్టాల మధ్య నిలబడి ఉన్నాడు. ప్లైవుడ్ దించి, ఆ ఫోటో దగ్గరే ఆగిపోయాను.

"టూ అండ్ హాఫ్ ఫీట్," అన్నాను.

వాసు సార్ వెనక్కి తిరిగాడు. "వాట్?"

ఫోటోలో రెండు పట్టాల మధ్యా వేలుతో గీసి చూపించాను. ఆయన ముఖం మారిపోయింది. అది వాళ్ల ఊరి లైను, ఆ ముసలాయన వాళ్ల తాత, స్టేషన్ మాస్టరు. వెడల్పు ఏడువందల అరవై మిల్లీమీటర్లు. నీకెలా తెలుసని అడిగాడు. మా ఇద్దరి మధ్య భాష కొంత ఇంగ్లీషు, కొంత అరబీ, మిగతా అంతా చేతులు. మా వైపు పొలాల్లోంచి చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు మోసే చిన్న రైలు ఉండేదని, మా నాయన బతికినన్నాళ్లూ ఆ పట్టాలు పరిచాడని, రెండున్నర అడుగులంటే నాకు కళ్లు మూసుకున్నా తెలుస్తుందని చెప్పాను. ఆయన క్యాలిక్యులేటర్ నొక్కి, రెండున్నర అడుగులంటే ఏడువందల అరవై రెండు, రెండు మిల్లీమీటర్లు తేడా ఉందన్నాడు.

"మీవాళ్లు కొలవడంలో తప్పు చేశారు సార్," అన్నాను.

ఆయన పడీపడీ నవ్వాడు. రేపటి నుంచి డ్యూటీ అయ్యాక సాయంత్రాలు రమ్మన్నాడు. ఆ లోయనూ ఆ లైనునూ పదహారడుగుల బల్ల మీద కట్టాలట.

మూడేళ్ల తర్వాత ట్రంకు పెట్టె తెరిచాను. బాడిశ తుప్పు పట్టింది. దాన్ని సాన పెడుతుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి, దాచడం దేనికి?

నిజంలో ఏడుంబావు అడుగులున్నది మా బల్ల మీద ఒక అంగుళం. పట్టాల మధ్య వెడల్పు నా చిటికెన వేలి మందమంత. ఖర్జూరం పెట్టెల చెక్కలు చీల్చి స్టేషన్ కట్టాను, తలుపులు తెరుచుకునేలా. మూడు కమానుల రాతి వంతెనను ఒకే దుంగలో చెక్కి, రాయి రాయికీ మధ్య గీత తీశాను. చెట్ల దగ్గర మాత్రం నవ్వులపాలయ్యాను. మొదటి వంద చెట్లూ వేపచెట్లలా గుబురుగా చేసి పెడితే, వాళ్ల కొండల మీద చెట్లు గోపురంలా కోసుగా ఉంటాయన్నాడు వాసు సార్. కొబ్బరి పీచు తీగకు మెలిపెట్టి, ఆకుపచ్చ రంగులో ముంచి మళ్లీ చేశాను. మూడు వందలు. ఆయన ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని చూశాడు.

పట్టాలు పరిచే రోజు వచ్చింది. పట్టా ముక్కల్ని ఒకదానికొకటి ఆనించి, సందు లేకుండా టంకం పెడుతున్నాడు ఆయన. కరెంటు పట్టాల్లోంచే ఇంజనుకు వెళ్లాలి, అతుకు గట్టిగా ఉంటే మంచిదట.

"సార్, గ్యాప్. నో గ్యాప్, బిగ్ ప్రాబ్లం," అన్నాను.

ఇనుము ఎండకు పెరుగుతుంది. బండి చక్రానికి ఇనుప కమ్మి కాల్చి ఎక్కించినవాడెవడికైనా తెలిసిందే. మా నాయన మొలలో ఎప్పుడూ మూడు రూపాయి బిళ్లలుండేవి. వాటిని మాకు పిప్పరమెంట్లకు కూడా ఇచ్చేవాడు కాదు. పట్టాకూ పట్టాకూ మధ్య అవి పెట్టి, బిగించాక తీసేసేవాడు. చలికాలంలో పరిస్తే మూడు బిళ్లలు, ఎండాకాలంలో అయితే ఒకటే. ఎండాకాలంలో ఇనుము అప్పటికే పెరిగి ఉంటుంది కాబట్టి. ఇదంతా చేతులు తిప్పి తిప్పి చెప్పాను.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం ఆయన. ఇది చెరుకు బండి కాదు, బొమ్మ రైలు అన్నాడు. నేను వదల్లేదు. నాలుగోసారి చెప్పేసరికి ఆయనకు విసుగొచ్చింది.

"లింబాద్రి, ఐ యామ్ ఇంజినీర్. యూ ఆమిల్."

బాడిశ తువ్వాలులో చుట్టుకుని బయటికి వచ్చేశాను. వెనక నుంచి పిలిచాడు. నేను ఆగలేదు. ఎవరైనా అంటే పడతాను గానీ, ఆ మాట ఆ గదిలో, నా వంతెన ముందు నిలబడి అంటాడా?

జూలైలో ఆయన సెలవు మీద వాళ్ల దేశం వెళ్లాడు. ఎవరో క్యాబిన్ ఏసీ కట్టేశారు. దమ్మామ్ ఎండ, రేకుల గది, ఆరు వారాలు. ఏమవుతుందో నాకు తెలుసు. నా నోరు ఎంత పెద్దదైనా ఆ ఆరు వారాలూ మూసుకునే ఉన్నాను. అది మాత్రం నా తప్పే.

సెప్టెంబరులో ఒక శుక్రవారం మధ్యాహ్నం మా గదిలో అన్నం వార్చుతుంటే, తలుపు దగ్గర వాసు సార్. లేబర్ క్యాంపుకు ఇంజినీరు రావడం ఎవరూ చూడలేదు. మంచాల మీద ఉన్న ఎనిమిదిమందీ లేచి నిలబడ్డారు. ఆయన నా మంచం మీద కూర్చుని జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో పట్టా ముక్క, పాములా మెలికలు తిరిగి ఉంది.

"యువర్ ఫాదర్," అన్నాడు నెమ్మదిగా. "వింటర్ త్రీ కాయిన్స్, సమ్మర్ వన్. మై రూమ్ ఏసీ రూమ్. లింబాద్రి, వింటర్ ఆర్ సమ్మర్?"

మొల గుడ్డ కట్టుకుని ఎండలో పట్టాలు పరిచి చచ్చిపోయిన మా నాయనను ఒక ఇంజినీరు ఇంత దూరం వచ్చి సలహా అడుగుతున్నాడు. మా నాయన పేరు తెలియకపోయినా, బిళ్లల లెక్క తప్పకుండా గుర్తుపెట్టుకున్నాడు.

"వింటర్, సార్," అన్నాను. "త్రీ."

"ఐ సెడ్ ఆమిల్. సారీ."

"ఏమంటున్నడే లింబన్నా?" అన్నాడు అబ్దుల్ ఖాదర్.

"తప్పయిందంటున్నడు. చాయ్ పెట్టు."

పట్టాలన్నీ పీకి మళ్లీ పరిచాం. కరెంటు ఆయన పని, సందు నా పని. ముక్క ముక్కకూ బల్ల కింది నుంచి వేరే తీగ వేసి టంకం పెట్టాడాయన. మరి నా సందుకు కొలత? చిటికెన వేలంత రైలుకు రూపాయి బిళ్ల పెద్దదైపోతుంది. పోస్టుకార్డు పెట్టి చూశాను, పలచన. జేబులో ఇకామా తగిలింది. దాని అట్ట పట్టాల మధ్య పెట్టి చూస్తే, కొలిచి చేసినట్టు సరిపోయింది. నన్ను కూలివాడని రాసిన పుస్తకం, నూట పన్నెండు సందులకు నా చేతిలో కొలబద్ద అయింది. బంక అంటీ అంటీ దాని అంచు నల్లబడింది.

పరిచి ఊరుకోలేదు. నేనే పట్టుబట్టి మూడు రోజులు ఏసీ కట్టేయించాను. నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తీస్తే కొలిమిలో అడుగు పెట్టినట్టుంది. ఆయన వంగి, ఒక కన్ను మూసి వంతెన పొడుగునా చూశాడు. పట్టా గీత గీసినట్టు ఉంది. సందులన్నీ మూసుకుపోయాయి, వెంట్రుక కూడా దూరదు, అయినా ఒక్క ముక్కా లేవలేదు. ఆయన చెమటతో తడిసి ముద్దయి నన్ను కౌగిలించుకున్నాడు. మళ్లీ ఏసీ వేస్తే తెల్లారేసరికి సందులు తెరుచుకున్నాయి. నా ఇకామా అట్ట మళ్లీ ప్రతి సందులోనూ దూరింది.

నవంబరు మొదట్లో, ఖఫ్జీ జాబితా పడే వారం, మా ముదీర్ ఆ రైలును చూడటానికి వచ్చాడు. ముదీర్ అంటే కంపెనీకి పెద్ద, సౌదీ మనిషి, ఎక్కువ మాట్లాడడు. నేను ఆ సమయానికి వంతెన దగ్గర సందులు సరిచూస్తున్నాను. ఇంజను కూత వేసి స్టేషన్ వదిలింది. గోపురాల్లాంటి మూడు వందల చెట్ల మధ్య నుంచి, మూడు కమానుల మీదుగా, టకటకమని ప్రతి సందు దగ్గరా చిన్న చప్పుడు చేస్తూ పోయింది. అచ్చం చెరుకు బండి చప్పుడే. ముదీర్ ఐదు చుట్లు కదలకుండా చూశాడు. ఎవరు కట్టారని అడిగాడు. వాసు సార్ నన్ను చూపించి, "ఇంజను నాది, దారి ఇతనిది" అని ఇంగ్లీషులో చెప్పాడు.

ముదీర్ నా వైపు చెయ్యి చాపాడు. "ఇకామా."

నా చేతిలోనే ఉంది కదా, ఇచ్చాను. తెరిచి చదివాడు. బల్ల వైపు చూశాడు. మళ్లీ చదివాడు. "ఎష్ షుగ్లక్?" అన్నాడు. నీ పనేమిటని.

బొంబాయి గుమాస్తా అడిగిన ప్రశ్నే. నాలుక దురద పెట్టింది. వంతెన నేను చెక్కాను, స్టేషన్ నేను కట్టాను, చెట్లు, పట్టాలు, సందులు, అన్నీ నేనే అని చెప్పాలనిపించింది. అన్నిటినీ మింగేశాను.

"నజ్జార్."

నా జీవితంలో నేను ఆడిన అతి చిన్న మాట అది. అంత గర్వంగా ఇంకే మాటా ఆడలేదు. ముదీర్ తలూపి, ఇకామాను తన జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ వారం పడిన జాబితాలో నా పేరు లేదు. నన్ను షెడ్డులో పనికి పెట్టారు. జనవరిలో కొత్త ఇకామా వచ్చింది. ఆఫీసు నుంచి అబ్దుల్ ఖాదరే తెచ్చాడు. షెడ్డులో తలుపు చిత్రిక పడుతున్న నేను పని ఆపి, చేతులు తుడుచుకుని, చదవమన్నాను.

"వృత్తి, నజ్జార్," అన్నాడు.

"మళ్లొక్కసారి సదువు."

"నజ్జార్."

"ఇంకొక్కసారి."

"అరె లింబన్నా! గదే ఉన్నది, ఏం మారలే!"

"మారలేదు గదా," అన్నాను. "మరి సదువు."