పోటు ఆగదు, దొర రాడు

ఓడ అనే మాటలోనే ఓటమి ఉందంటారు గిట్టనివాళ్లు. మేం కట్టినవి ఓడలే గాని, ఓడేవి కావు. నా పేరు జెత్రో. లండన్‌కి దగ్గర్లో మెడ్‌వే నది ఒడ్డున మా రేవులో, నీళ్లు చొరకుండా ఓడ పలకల సందుల్లో నారా తారూ కూరే పని నాది. ఫ్రెంచివాళ్లతో యుద్ధమంటే చాలు, అడవులకు అడవులు మా గొడ్డళ్ల కిందికి వచ్చి పడేవి. అలా వచ్చి పడిన ఓక్ చెట్ల దూలాలే డెబ్బై నాలుగు ఫిరంగులు మోసే ఓడై నిలబడ్డాయి.

దాన్ని కట్టిన పెద్దమేస్త్రీ ఒబడయా. కొన్నేళ్లుగా భార్య కెజాయా ముఖం కన్నా ఓడ ముఖమే ఎక్కువ చూసినవాడు. ఆ మధ్యాహ్నం నదిలోకి ఎక్కే సముద్రపు పోటు నిండుగా ఉండగానే ఓడను నీళ్లలోకి దించాలి. అంతకుముందు లండన్ నుంచి వచ్చే దొర వెండిగిన్నెలో ద్రాక్షసారా తాగి, మిగిలింది ఓడ మీద పోసి, పేరు పెట్టాలి. అది ఆనవాయితీ.

ఆ దొర, లార్డ్ ఫెర్నవే, వచ్చాడు, కానీ ఓడ దగ్గరికి కాదు, రేవు అధికారి ఇంటి భోజనాల బల్ల దగ్గరికి.

దొర వేళకి వస్తాడని నమ్మి, మేస్త్రీ ఎప్పటిలాగే ఓడ కింది దిమ్మలన్నీ పగలగొట్టించేశాడు. ఇక బరువంతా కొవ్వు పూసిన జారుడు దూలాల మీదే. అలా ఎక్కువసేపు ఉంటే కొవ్వు నలిగి కారిపోతుంది. తరవాత ఓడ కదలదు, నడుం విరుగుతుంది. దాంతోపాటే మేస్త్రీ బతుకూ.

"ఏరా, కబురు పంపారా?"

"పంపాం మేస్త్రీ. గొర్రె తొడ అయిందట, పుడ్డింగు ఉందట. దొర దొరకడు. కొవ్వు ఇక్కడ కరుగుతోంది, అక్కడ పెరుగుతోంది," అన్నాను నేను.

"నీ నోట్లో తారు కూరతా వెధవా!"

బీరు కూజాతో వచ్చిన కెజాయా నదివైపు చూసింది. "ఏమయ్యా, ఇంకా చూస్తూ నిలబడ్డావేంటి?"

"పేరు పెట్టకుండా దించితే నా ఉద్యోగం ఊడుతుందే."

"ఉద్యోగం ఊడిన మొగుణ్ణి ఏలుకుంటానయ్యా. ఓడ విరగ్గొట్టిన మొగుడి పక్కన చర్చిలో కూర్చోలేను."

నీళ్లమీద ఒక గడ్డిపోచ ఎటూ పోకుండా నిలిచింది. పోటు నిండిందన్నమాట. ఇంకాసేపైతే నీళ్లు వెనక్కి తీస్తాయి. మేస్త్రీ టోపీ తీసి భార్య చేతికిచ్చాడు. ఈ తప్పు ఇంకొకడి మీద పడకూడదని పెద్ద సుత్తి తనే అందుకున్నాడు.

"తప్పుకోండ్రా!"

ఓడను జారకుండా పట్టి ఉంచిన ఆఖరి ఆపుకొయ్య సుత్తి దెబ్బకి ఎగిరిపడింది. ఓడ కదల్లేదు. అంతలో కింద ఏదో మూలిగింది, కొవ్వు పొగలు కక్కింది, కొండంత కొయ్య కదిలింది. కదిలాక ఇక ఆగలేదు. నదిని రెండుగా చీల్చి, తల వంచి, మళ్లీ ఎత్తి, రాణిలా నిలబడింది. ఒడ్డున మేమంతా పిచ్చివాళ్లలా అరిచాం.

ఆ అరుపులకి దొర పరిగెత్తుకొచ్చాడు. మెడలో భోజనాల రుమాలు, చేతిలో వెండిగిన్నె.

"ఎవడు వదిలాడు?"

"నేనే దొరగారూ," అన్నాడు మేస్త్రీ. "తమరికి కబురు పంపగలిగాం గానీ, పోటుకి పంపలేకపోయాం."

దొర పడవ తెమ్మన్నాడు. ఓడకి వేలాడే తాళ్ల నిచ్చెన ఎక్కుతూ తిట్టిన తిట్లు నావికులు కూడా నేర్చుకోదగ్గవి. దీపం పట్టుకుని ఓడ అడుగుదాకా దిగి, పలకల సందులు వేలితో తడిమాడు. వేలు పొడిగా పైకొచ్చింది. ఓడ ఏ పక్కకీ ఒరగలేదు. అప్పుడు గిన్నె ఎత్తి తాగి, మిగిలింది పోసి "స్టెడ్‌ఫాస్ట్", అంటే చలించనిది, అని గట్టిగా పిలిచాడు.

ఒడ్డుకొచ్చాక మేస్త్రీ ముందు నిలబడ్డాడు. కెజాయా చేతిలో టోపీ నలిగిపోతోంది.

"ఓడ కట్టే ఈ చోటు ఎన్నాళ్లు ఖాళీగా ఉంచుతావయ్యా?" అన్నాడు దొర.

మేస్త్రీ ఖాళీ అయిన జారుడు దూలాలకేసి చూశాడు. "రేపే ఇంకో ఓడకి అడుగున వెన్నుదూలం వేస్తాం దొరా."

"వెయ్యి. దాన్ని దించేరోజు నా భోజనం ఇక్కడే పెట్టించు."

"ఇక్కడ రొట్టే, జున్నే ఉంటాయి దొరగారూ," అంది కెజాయా.

"చాలమ్మా," అన్నాడు దొర, మెడలో రుమాలు విప్పుకుంటూ.