రెండో కుర్చీ

పొద్దున్నే మామగారి కోటు ఇస్త్రీ చేయమన్నాడు భర్త. ఎందుకని అడిగితే, నీకెందుకు అన్నాడు. వంటింటి గట్టు మీదే ఇస్త్రీ. ఆ గది సంగతి చెప్పాలంటే, కలిపిన పిండిని కాసేపు మరిచిపోతే పొయ్యి అక్కర్లేకుండానే రొట్టె అయిపోతుంది. మధ్యాహ్నాలు బల్లి కూడా హాల్లో ఫ్యాను కిందికి పోయి వస్తుంది. పోయే వీలు లేనిది ఆమెకే. పెళ్లైన కొత్తలో కిటికీ పెట్టించమంటే, "మా అమ్మ ఏనాడూ అడగలేదే" అన్నాడు. మళ్లీ అడగలేదు. దాన్ని ఇంటిల్లిపాదీ ఓర్పు అన్నారు, పదిమందిలో మెచ్చుకున్నారు. మెచ్చుకోలు చల్లగా ఉంటుందని కొన్నేళ్లు ఆమె కూడా నమ్మింది.

వంట ముగించి టీవీ చానల్‌కు, ఉద్యోగానికి వెళ్లింది. అక్కడ చర్చల విభాగానికి భర్తే పెద్ద. ప్రేక్షకుల ఫోన్లు స్టూడియోకి కలపడం ఆమె పని. ఆ చానల్లో ఒక పద్ధతి ఉంది. ఎండలు ముదురుతున్నాయని శాస్త్రవేత్త చెబితే, పక్క కుర్చీలో కాదనేవాడు ఉండి తీరాలి. అటు వెయ్యిమంది పరిశోధకులున్నా, ఇటు ఒక్కడే ఉన్నా, సమయం చెరిసగం. రోజూ వచ్చి కాదనే పెద్దమనిషికి ఆ రోజు వడదెబ్బ తగిలింది.

ఆ కుర్చీలో, కోటు వేసుకుని, మామగారు. జీవితమంతా సిమెంటు అమ్మిన మనిషి పేరు కింద 'వాతావరణ విశ్లేషకులు' అని పడింది. ఫోన్ల దగ్గరున్న ఆమెకు ముందు నవ్వొచ్చింది.

భూమి వేడెక్కడం కొలిచి తేల్చిన విషయమనీ, గాలాడని వంటిళ్లలో ఆడవాళ్లు పడిపోతున్నారనీ శాస్త్రవేత్త ఓపికగా చెప్పింది. యాంకర్ రెండో కుర్చీ వైపు తిరిగాడు.

"ఇవన్నీ కాగితాల మీది ఎండలమ్మా," అన్నారు మామగారు. "మా కోడలు మూడు పూటలా పొయ్యి దగ్గరే ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కనాడూ ఉక్కగా ఉందన్న పాపాన పోలేదు. ఇంతకంటే రుజువేం కావాలి?"

ఫోన్ల దగ్గర కోడలు తలెత్తి తెర వైపు చూసింది. ఇంట్లో గొడవ వద్దని మూసుకున్న నోరది. ఆ నోరే ఇప్పుడు ఊరందరి ముందూ సాక్ష్యం చెబుతోంది. ఏదో ఇంట్లో, ఎవరో కోడలికి ఇది చూపించి, చూశావా అంటారు. ఆ కోడలు అడగబోయే కిటికీ కూడా ఇక్కడే మూసుకుపోతుంది.

మంచి కాల్ ఒకటి కలపమని భర్త అద్దం అవతలి నుంచి సైగ చేశాడు. వరుసలో ఉన్నవాళ్లందరినీ ఆపి, ఆమె తన ముందున్న ఫోనే కలిపింది.

"చెప్పండమ్మా, ఎవరు మాట్లాడుతున్నారు?" అన్నాడు యాంకర్.

"ఆ కోడల్నండీ. పోయిన వారం పొయ్యి ముందు కళ్లు తిరిగి పడిపోయాను. అన్నం ఎందుకు ఆలస్యమైందని అడిగారు మామగారు."