సొట్ట వైపు

కోదండరాం తిన్న కంచం తనే తీసుకెళ్ళి సింకులో పెట్టాడు.

వాసంతి చేతిలోని గరిట అలాగే ఆగిపోయింది. పెళ్ళయి ఇరవై ఒక్కేళ్ళు. ఇన్నేళ్ళలో ఆ మనిషి తిన్న చోటే, తిన్న కంచంలోనే చెయ్యి కడిగేసి, కరివేపాకూ మునక్కాయ పిప్పీ తేలుతుండగా లేచిపోయాడే గానీ, దాన్ని నాలుగడుగులు మోసిన పాపాన పోలేదు. ఇంకొకావిడైతే మురిసిపోయేదేమో. వాసంతికి మాత్రం గుండెలో గుబులు పుట్టింది. సరిగ్గా నాలుగు రోజుల కిందట ఆమె ఆ ఎంగిలి కంచం గురించే రాసింది. రాస్తున్నట్టు ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలియకూడదు.

తెలిసే దారి కూడా లేదనుకుంది. చెన్నై వాషర్‌మెన్‌పేటలో కింద లుంగీల టోకు కొట్టు, పైన కాపురం. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఆమెకు తప్ప ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. నాలుగు తరాలుగా ఇక్కడే పాతుకుపోయిన కుటుంబం, బళ్ళో నేర్చుకున్నదంతా తమిళం, ఇంగ్లీషు. నాయుడుపేట నుంచి ఎవరిదైనా శుభలేఖ వస్తే వాసంతిని కేకేసి చదివించుకోవాల్సిందే. అత్తగారు శారదాంబకు వ్రతకథ కూడా కోడలే చదివి వినిపించాలి. ఇన్నాళ్ళూ అది ఆమెకు మరొక చాకిరీ. నాలుగు నెలల కిందట మాత్రం అదే మంచి తాళంకప్పలా తోచింది. తెలుగులో రాస్తే నట్టింట్లో పరిచిపెట్టినా వీళ్ళకు అవి వట్టి ముగ్గులే. అలా మొదలైంది బ్లాగు. రచయిత పేరు అడిగిన చోట ‘ఒక ఇల్లాలు’ అని పెట్టింది.

రాసింది సరే, చదివేదెవరు? డిగ్రీలో స్నేహితురాలు కస్తూరి, నెల్లూరులో కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, ఫోన్లో నవ్వింది. రాసి బీరువాలో దాచుకుంటున్నావే అని. ఎవరికి ఎలాంటి రాతలు ఇష్టమో పసిగట్టి, కొత్త కొత్తవి తెచ్చి వాళ్ళ ముందు పెట్టే సైట్లు ఉన్నాయని, మన లింకు ఇచ్చి, అది దేని గురించో చెప్పి, ఒక ఫొటో జతచేస్తే చాలునని వివరించింది. వాసంతి మూడింటిలో చేరింది. చేరిన రోజే ఉన్న ఏడు లింకులూ ఒక్కసారిగా కుమ్మరించింది. వాటిలో ఒక సైటు, చెత్త పోసేవాళ్ళకు ఇక్కడ చోటు లేదన్నట్టు తలుపు మూసేసింది. ‘నీ సరుకు దించేసి పోతే ఎట్లా? నలుగురు రాసిందీ చదవాలి, నచ్చితే నచ్చిందని నొక్కాలి’ అంది కస్తూరి. సరేనని చదవడం మొదలుపెట్టింది. వంటయ్యాక, బట్టలు ఆరేశాక, అత్తగారు కునుకు తీసే వేళ, ముక్కూమొహం తెలియని ఆడవాళ్ళ ఇళ్ళల్లో తిరిగొచ్చేది. అందరి ఇళ్ళల్లోనూ సింకు నిండుగానే ఉండేది. నిజం చెప్పాలంటే ఆమెకు రాయడంకన్నా ఆ చదువే ఎక్కువ ధైర్యమిచ్చింది.

తన రాతలకు మాత్రం జనం రాలేదు. మందారపువ్వు ఫొటో పెడితే పదకొండు మంది, అందులో ముగ్గురు తనే. విసుగొచ్చి ఒకనాడు, ఏదైతే అదైందని, వంటింటి అరలో ఉన్న ఇత్తడి చెంబును ఫొటో తీసి పెట్టింది. పుట్టింటివాళ్ళు పెళ్ళిలో ఇచ్చిన చెంబు. ఒక పక్క గుప్పెడంత సొట్ట.

పదకొండేళ్ళ నాటి సొట్ట అది. ఆ ఉదయం వాసంతికి ఎం.ఏ. ఆఖరి పరీక్ష. పుస్తకం చేతపట్టుకుని పొయ్యి దగ్గర నిలబడి వేణ్ణీళ్ళు కాచడంలో ఆలస్యం చేసింది. కోదండరాం చెంబు విసిరాడు. అది ఆమె చెవి పక్కగా పోయి గుమ్మానికి కొట్టుకుని కింద పడింది. ‘తగల్లా గదా’ అన్నారు శారదాంబ. ‘తగల్లా గదా’ అన్నాడు కోదండరాం. పుట్టింటికి వచ్చి ఉన్న ఆడబిడ్డ ప్రగతి, చెంబు తీసి తుడిచి, సొట్ట గోడ వైపుకి తిప్పి అరలో పెట్టింది. వాసంతి పరీక్షకు పోలేదు. అప్పట్నుంచి ఎన్నిసార్లు తోమినా, ఎవరూ చెప్పకుండానే, సొట్ట గోడ వైపుకి తిప్పే పెడుతోంది. ఇదంతా ఉన్నదున్నట్టు రాసింది. రెండు రోజుల్లో ఆరువందల నలభై మంది చదివారు. కింద ఎవరో ‘మా ఇంట్లో గిన్నె’ అని రాశారు. ఇంకెవరో ‘మా ఇంట్లో కుర్చీ’ అన్నారు. వాసంతి గ్యాసు ఆపేసి మరీ కూచుని ఏడ్చింది.

ఇదిగో, ఆ తరవాతే మొదలైంది అనుమానం.

చదువరులు ఏ ఊరివాళ్ళో, ఏ వేళకు వచ్చారో బ్లాగు లోపల కనిపిస్తుంది. హైదరాబాదు, విజయవాడ, బెంగుళూరు. వాటి నడుమ చెన్నై ఒకటి. ఒక్కరే. రోజూ ఉదయం పదకొండింటికి. పదకొండంటే కొట్టులో బేరం సద్దుమణిగి, కోదండరాం కాఫీ తెప్పించుకుని ఫోను తీసే వేళ. ‘పిచ్చిదానా, ఇంత పెద్ద ఊళ్ళో తెలుగువాళ్ళకు కొదవా’ అని తనకు తనే సర్దిచెప్పుకుంది. అంతలో ఈ కంచం.

ఆమెలో పోలీసు మేలుకున్నాడు. పరీక్షగా ఒకటి రాసింది. తిన్నావా అని నన్నడిగిన మనిషి ఈ ఇంట్లో లేడు అని. మర్నాడు కోదండరాం చెయ్యి తుడుచుకుంటూ, గోడకేసి చూస్తూ, “నువ్వు తిన్నావా?” అన్నాడు. అడిగించుకోవాలని ఇరవై ఒక్కేళ్ళు ఎదురుచూసిన మాట, తీరా చెవిన పడితే ఇలా ఉంటుందని ఆమె ఏనాడూ అనుకోలేదు. అయినా ఒక్కసారికి తీర్పు చెప్పకూడదనుకుంది. శుక్రవారం నాడు ఒక పచ్చి అబద్ధం రాసింది. ‘పనసపండంటే నాకు ప్రాణం. ఎవరూ తెచ్చిపెట్టరు.’

పనసపండు వాసనకే ఆమెకు కడుపులో తిప్పుతుంది. ఎండాకాలంలో అత్తగారి కోసం ఇంట్లో పనసకాయ కోస్తే, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని మేడ మీదికి పారిపోతుంది. ప్రతి ఏడూ. అందరి కళ్ళెదుటా.

సోమవారం ఉదయం కోదండరాం సగం పనసపండు సంచిలో మోసుకొచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. “నీకే” అన్నాడు, మొహం వెలిగిపోతూ.

ఇక దాచుకోవడానికి ఏమీ మిగల్లేదు. వాసంతికి ముందు నవ్వొచ్చింది. వెనకే, ఆ నవ్వు పూర్తికాకముందే, దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళూ కళ్ళెదురుగా ముక్కు మూసుకున్న మనిషిని చూడలేదు. ఫోన్లో చదివింది మాత్రం నమ్మాడు.

“ఎట్లా చదివినారు?” అంది.

కోదండరాం తడబడలేదు. పైగా ఈ మాట కోసమే కాచుకున్నవాడిలా ఫోను తీసి చూపించాడు. ఆమె రాసిందంతా గజిబిజి తమిళంలో ఉంది. ఒక బొత్తాం నొక్కితే ఫోనే మార్చి ఇస్తుందట. ఆమె వేసుకున్న తాళంకప్పకు ఊళ్ళో ప్రతి ఫోనులోనూ మారుతాళం ఉందన్నమాట. ఆయనకు ఇదంతా చూపించింది ప్రగతి. పెరంబూరులో కూచుని పాత ఇత్తడి సామాన్ల ఫొటోలు చూడటం ఆమెకు సరదా. వాసంతి చేరిన సైట్లలో ఒకటి ఆమె సరదా కనిపెట్టి, ఈ చెంబును తెచ్చి ఆమె ముందే పెట్టింది. అక్షరం ముక్క చదవలేకపోయినా ప్రగతి సొట్టను గుర్తుపట్టింది.

“నేను కోప్పడినానా?” అన్నాడు కోదండరాం. “ఒక్క మాటన్నా అన్నానా? ఇంకొకడైతే ఫోను పగలగొట్టుంటాడు. రాసుకో, నేను వద్దనలా. నలుగురూ చదవతా ఉండారంటే నాకూ సంతోషమే. ఆ ఫొటో ఒక్కటి తీసెయ్, సెరియా? ఈడ మనోళ్ళందరికీ తెలుసు ఆ చెంబు. రేపు ఇంకెవురన్నా జూస్తే నాకు తలకొట్టేసినట్టుంటది.”

ఆయన గొంతు తగ్గించాడు. బతిమాలుతున్నట్టే ఉంది. అలా బతిమాలడం కూడా ఆమె మొదటిసారి వినడమే.

“పోనీ, తీసేది సొట్ట అవతలికి తిప్పి తీసుండొచ్చు గదా?”

అప్పుడు అర్థమైంది. కంచం ఎందుకు సింకు దాకా నడిచిందో, తిన్నావా అన్న మాట ఎందుకు వచ్చిందో, ఈ పండు ఎందుకు వచ్చిందో. ఆయన తన మీద జాలిపడలేదు, తప్పుచేశాననీ అనుకోలేదు. చెంబును మళ్ళీ గోడ వైపుకి తిప్పించడానికి ఒక్కో మెట్టూ ఎక్కివచ్చాడు. పరీక్ష పోయిందే పాపం అన్న ఒక్క మాట, ఇంత చదివాక కూడా, ఆయన నోటివెంట రాలేదు. ఆ మాట వచ్చుంటే ఆమె ఏం చేసేదో ఏమో. బహుశా కరిగిపోయి ఫొటో తీసేసేదేమో. తన మీద తనకే అంత నమ్మకం లేదు.

“ఏమంటావు?” అన్నాడు.

“నాకు పనసపండు పడదు” అంది వాసంతి. “అత్తమ్మకు పెట్టండి. మీరే కోసి పెట్టండి.”

కోదండరాం అర్థంకానట్టు నిలబడి, సాయంత్రంలోగా తీసెయ్యమని ఇంకోసారి చెప్పి, కొట్టులోకి దిగిపోయాడు. గట్టు మీద పండు కంపు కొడుతోంది. ఆమె ఈసారి మేడ మీదికి పారిపోలేదు. సంచి తీసుకెళ్ళి కొట్టులోకి దిగే మెట్ల మీద పెట్టి వచ్చింది. చెయ్యి కడుక్కుని, అరలోని చెంబును సొట్ట బయటికి కనపడేట్టు తిప్పింది. స్టూలు మీద కూచుని పనసపండు గురించి రాసింది. పెద్దగా ఆలోచించాల్సిన పనేమీ లేకపోయింది, ఆయన అన్న మాటల్ని అన్నట్టే పెట్టింది. ఫొటో కూడా అదే పెట్టింది, ఇంకొంచెం దగ్గరగా తీసి.

సైటులో లింకు పెట్టేటప్పుడు ఎప్పటిలాగే ప్రశ్నలు వచ్చాయి. రచయిత పేరు దగ్గర ‘ఒక ఇల్లాలు’ కొట్టేసి వాసంతి అని రాసింది. ఏ భాషవాళ్ళకు చూపించమంటారు అన్న చోట ఇన్నాళ్ళూ తెలుగు ఒక్కదానికే గుర్తు పెట్టేది. ఇవాళ తమిళానికి కూడా పెట్టింది. ఏ ఊరివాళ్ళకు ముందుగా అంటే, చెన్నై అంది.

గడియారం చూసింది. పదకొండుకు ఇంకా రెండు నిమిషాలున్నాయి. ఆగి, సరిగ్గా పదకొండింటికి నొక్కింది.